కందెన రుచి చూసే ఊరు

నిజామాబాదు నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి మా తెనాలి వీధిలో ఆడవాళ్లు నన్ను నిలబెట్టి అడుగుతున్నారు, అక్కడ ఏం చూశావు, ఏం తెచ్చావు అని. తెచ్చింది పసుపు. చూసింది చెప్పబోతే సగంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "చాల్లే, ఊరుకో" అంటున్నారు. యంత్రానికి పూసే నూనెను పదిమంది ముందు వేలితో తీసి నాకి చూసే మనుషులున్నారంటే ఎవరు నమ్ముతారు? కళ్లారా చూసిన నాకే ఇంకా నమ్మకం కుదరలేదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నమ్మేవాళ్లు నమ్మండి.

ఊరి పేరు మాత్రం రాయను. మా చెల్లెలు కామాక్షి ఒట్టు పెట్టించుకుంది. రుద్రూరుకు దగ్గరలో, కాలవ కింద ఉన్న ఊరనుకోండి, చాలు. పెళ్లయిన కొత్తలోనే మా మరిది కోటేశ్వరరావు తెనాలి పొలం అమ్మేసి, నిజాంసాగర్ నీళ్లున్నాయని అక్కడికి వెళ్లి చెరుకు వేశాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టారు, రెండు జతల ఎడ్లున్నాయి. అయినా ఊళ్లో ఇప్పటికీ ఆయన "ఆంధ్రాయన" అనే పేరుతోనే చెలామణీ.

నిజామాబాదు బజారు

రైలు దిగి బజారులో అడుగుపెట్టానో లేదో నా తెల్లచీర అంచు పచ్చబడింది. వేల్పూర్, ఆర్మూరు వైపు నుంచి వచ్చిన పసుపు బండ్లు వీధి పొడుగునా నిలబడి ఉన్నాయి. గాలిలో పసుపు, తుమ్మితే పసుపు. మనింట్లో పసుపు భరిణెలో ఉంటుంది, దేవుడి ముందు ఉంటుంది. అక్కడ మగవాళ్లు పసుపు కొమ్ముల రాశి మీద కాళ్లు చాపుకుని కూర్చుని చాయ్ తాగుతున్నారు! 

"నాయనా, పసుపు మీద కూర్చుంటారా?" అన్నాను, ఉండబట్టలేక.

"కూసోక తల మీద వెట్టుకుంటమా అమ్మా?" అన్నాడొకడు, సాసర్లో చాయ్ ఊదుకుంటూ.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా మరిది నవ్వాపుకుని నన్ను పక్కనున్న హోటల్లోకి తోశాడు. చాయ్ చిక్కగా, మీగడతో, చెంచా నిలబడేలా ఉంది. నయాపైసల్లో ధర చెబితే నేను అణాల్లోకి మార్చుకుంటూ కూర్చున్నాను, చాయ్ చల్లారిపోయింది. మళ్లీ ఇంకొకటి తెప్పించుకోవాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి లారీ సామాన్ల దుకాణానికి వెళ్లాం. మా మరిది ఒక డబ్బా కొన్నాడు. మూత తీసి అత్తరు సీసా చూసినట్టు వాసన చూశాడు. నేనూ తొంగి చూశాను. కాటుక కంటే నల్లగా, జిగటగా, లారీ కింద పడుకుని లేచినవాడి చొక్కాలా కంపు కొడుతోంది.

"గ్రీజు, వదినగారూ. చెరుకు గానుగకి. ఇది ఒక్కసారి పెడితే రోజంతా చూసుకోనక్కర్లేదు. ఆముదమైతే గంటగంటకీ పోస్తూ కూర్చోవాలి. మా ఊరివాళ్లు ఇంకా తాతల కాలంలోనే ఉన్నారు" అన్నాడు.

దారిలో సంగతి చెప్పాడు. బోధను చక్కెర ఫ్యాక్టరీకి రాయించిన చెరుకు పోగా, ఆలస్యంగా నాటిన ఒక మడి మిగిలిపోయింది. దాన్ని బెల్లం ఆడించాలి. ఊళ్లో గానుగ ఒక్కటే, లచ్చవ్వ అనే పెద్దావిడది. అక్కడ వంతు దొరకడమంటే ఊరు నిన్ను తనవాణ్ణి అనుకున్నట్టు లెక్క. ఏటా అడిగితే ఏటా వంతులు నిండాయనేవారు. ఈ ఏడు మొదటిసారి సరేనన్నారట. చెరుకు కొట్టించి గానుగ దగ్గర కుప్ప పోయించి మరీ వచ్చాడు. కొట్టిన చెరుకు ఎండలో ఉంటే పులిసిపోతుంది. వంతు తప్పితే మడంతా పోయినట్టే, మళ్లీ ఎన్నేళ్లకు పిలుస్తారో. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వమూ ఉంది, భయమూ ఉంది.

బోధనులో నా పరువు పోయిన చోటు

బోధనులో బస్సు దిగేసరికి ఆకలి నకనకలాడుతోంది. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గొట్టం వైపు వరసకట్టి ఉన్నాయి. సంతలో ఒక చెవిన తెలుగు, ఒక చెవిన ఉర్దూ, మధ్యలో మరాఠీ. వీధి మలుపులో ఒక గడ్డం మియా పెద్ద బాండీలో ఏవో గోధుమరంగు గుండ్రాలు వేయిస్తూ, జల్లిగరిటెతో తిప్పుతున్నాడు. నేను నేరుగా వెళ్లి, "ఏం బజ్జీలు బాబూ? ఓ నాలుగు ఇవ్వు" అన్నాను.

ఆయన గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దంతాలు గట్టియేనా అమ్మా?" అన్నాడు.

అవి తుమ్మచెక్క ముక్కలు! కడియాల్లా తొలిచి, ఆముదంలో ఉడికిస్తున్నాడు. నేను నోరు వెళ్లబెట్టాను. వీధిలో నలుగురూ నవ్వారు. మా మరిది కూడా నవ్వాడు, అదే నాకు ఎక్కువ మంట.

ఆయన పేరు ఖాజామియా, వడ్రంగి. ఆ గుండ్రాల్ని బుషులంటారట. గానుగలో చెరుకు నలిపే రోలరు మెడ దగ్గర ఇనుము మీద ఇనుము రాసుకోకుండా మధ్యలో ఈ చెక్క కడియం వేస్తారు. నూనెలో ఉడికితే చెక్క ఆ నూనె తాగేస్తుందట, తిరిగి వేడెక్కినప్పుడు కొంచెం కొంచెంగా కక్కుతుందట. "అరిగిపోతే ఏం చేస్తారు?" అని అడిగాను, పరువు నిలబెట్టుకోవడానికి.

"పొయ్యిల వెట్టుకోండ్రి. నూనె తాగిన కట్టె, మస్తుగ మండుతది. అన్నం వండుకోండ్రి" అని, వెలుతురుకు అడ్డం నిలబడ్డానని కసిరాడు. మహా కోపిష్ఠి మనిషి.

అప్పుడాయన కంట మా మరిది చేతిలో డబ్బా పడింది. "గిది ఎవరి గానుగకు?"

"లచ్చవ్వ గానుగకి."

"ఆమె సూసిందా గిది?"

"రేపు చూస్తుంది."

ఖాజామియా నవ్వడం మొదలుపెట్టి దగ్గు తెరలోకి వెళ్లాడు. "సూసి ఊకుంటదా? తినిపిస్తది!" అన్నాడు. ఆయనకేదో తిక్క అనుకుని మేం బండెక్కేశాం.

ఊరి దారి

బండి తోలిన మనిషి నోరు తెరిచి నాలుగు మాటలాడలేదు గానీ, దారిలో రెండుచోట్ల బండి ఆపి, కింద వేలాడే కొమ్ములోంచి కందెన తీసి ఇరుసుకు పట్టించాడు. మన దగ్గర కందెన వేస్తారు, కాదనను. కానీ మన బండి కూతలు పొలిమేర నుంచే వినిపిస్తాయి, ఇంట్లో వాళ్లు కాగు కింద మంట పెడతారు. ఇక్కడ అంత చెరుకు మోసే బండి కూడా కిక్కురుమనదు. కాల్చిన వరిగడ్డి మసి, ఆముదం కలిపి ఇంట్లో ఆడవాళ్లే నూరుతారట. ఇరుసుకు రాయగా చేతికి మిగిలింది ఎద్దు కొమ్ములకు రాశాడు, ఇంకా మిగిలింది తన మడమ పగుళ్లకు రాసుకున్నాడు. అదే చేత్తో నాకు జామకాయ ఇచ్చాడు. తిన్నాను. ఆకలి అలాంటిది.

ఇంటికి చేరాక కామాక్షి జొన్నరొట్టె, ఎర్రటి తొక్కు పెట్టింది. ఆ కారం సంగతి ఇక్కడ రాయను, రాస్తే కళ్లలో నీళ్లొస్తాయి. మా చెల్లెలు మాత్రం చలించకుండా తింది. తెనాలిలో పెరిగిన పిల్లేనా అని తెల్లబోయి చూశాను.

గానుగ దగ్గర

తెల్లారి అందరం గానుగకు వెళ్లాం. నిలువుగా మూడు ఇనుప రోలర్లు, పైన పొడుగాటి దూలం, దానికి కట్టిన ఎడ్లు. రోలర్ల కింద రేకు, అందులోంచి రసం తొట్టిలోకి జారుతుంది. పక్కన పొయ్యి మీద బెల్లం పెనం. వంతుకోసం కాచుకున్న రైతులు చెరుకు పిప్పి మీద కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. మా తర్వాతి వంతు గంగారాం అనే ఆయనది. నోటి దురుసు మనిషని కామాక్షి ముందే చెవిలో వేసింది.

లచ్చవ్వ గానుగ మొదట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. పొట్టిగా, ఎండిన అల్లంకొమ్ములా ఉంది. నన్ను చూసి, "అక్కనా? మంచిది బిడ్డా, కూసో" అంది. మా మరిది వైపు తిరిగి, "నూనె తెచ్చినవా? తిను మరి" అంది.

నాకు అర్థం కాలేదు. మా మరిదికీ కాలేదు. కామాక్షి ముఖం పాలిపోయింది. అక్కడి పద్ధతి ఇది. ఎవరి చెరుకు ఆడితే వాళ్లే ఇంటి నుంచి ఆముదం తేవాలి. రోలర్ల మెడలకు పోసేముందు అందరూ చూస్తుండగా వేలితో తీసి నోట్లో పెట్టుకోవాలి. మెడకు పోసింది చివరకు రసంలోకే కారుతుంది గనక. ఇంతకుముందు మావాళ్లకు వంతే లేదు కనక మా మరిదికి ఈ సంగతి తెలిసే వీల్లేదు. ఊరి ఆడవాళ్ల మాటల్లో విని తెలిసిన కామాక్షిని ఆయన అడగలేదు.

"నోట్లె వెట్టరానిది నా గానుగల వెట్టద్దు" అంది లచ్చవ్వ. "నూనె నువ్వు తిను, బెల్లం దిగినంక తొలి ముద్ద నేను తింట. గప్పుడే ఊరు తింటది."

మా మరిది డబ్బా మూత తీశాడు. వాసన గుప్పుమంది.

"ఏందన్నా, మీ తెనాల్ల నెయ్యి గిట్లనే ఉంటదా?" అన్నాడు గంగారాం. పిప్పి మీద కూర్చున్నవాళ్లంతా ఒకటే నవ్వు.

"ఇది యంత్రానికి పెట్టేది, తినేది కాదు" అన్నాడు మా మరిది.

"అయితె మా ఆముదం అప్పు తీసుకో. లేకుంటె చెరుకు ఎత్తుకపో, నా వంతు నడిపిస్త" అన్నాడు గంగారాం.

ఆ 'ఎత్తుకపో' అన్న మాట మా మరిదికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నేళ్లకు పిలిచి, పదిమందిలో పొమ్మంటున్నారు. ఆముదం అప్పు తీసుకుంటే పోయేది. ఆ బుద్ధి ఆ క్షణంలో ఎవరికి పుడుతుంది? డబ్బాలో వేలు ముంచాడు. "అయ్యో బావా!" అని నేను కాదు, కామాక్షి అరిచింది. ఆ నల్లటి ముద్దను నోట్లో పెట్టుకుని, చప్పరించి, మింగేశాడు!

 నవ్వేవాళ్లు ఠక్కున ఆగిపోయారు. గంగారాం చుట్ట చేతిలోనే ఆరిపోయింది. మా మరిది పళ్లు నల్లగా మెరుస్తున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా తల దించలేదు.

లచ్చవ్వ ఎడ్ల వైపు చెయ్యి చూపింది. "తిన్నడు. ఇగ ఎవ్వలు మాట్లాడద్దు. ఎడ్లను కట్టుండ్రి" అంది.

నేను ఒళ్లు మండి ఆవిడ దగ్గరకు వెళ్లాను. "ఇదేం న్యాయం పెద్దమ్మా? ఆ విషం తింటే తిన్నాడని ఒప్పుకుంటావా? నువ్వు ఆపొద్దూ?"

"తింటె ఒప్పుకుంటనని మాటిచ్చిన బిడ్డా. తిన్నోన్ని ఆపితె రేపు నా మాట ఎవ్వలింటరు?" అంది. అంటూనే నీళ్ల చెంబు ఆయనకిమ్మని నా చేతిలో పెట్టింది. అది చూశాక నాకు ఇంకా భయమేసింది.

ఎండెక్కిన తర్వాత

గానుగ మహా సుఖంగా తిరిగింది. గంటగంటకీ పోసే పనే లేదు. "చూశారా వదినగారూ!" అన్నాడు మా మరిది. రెండుసార్లు చెట్ల చాటుకు వెళ్లి వాంతి చేసుకొచ్చి కూడా ఆ మాటే అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. రోలర్ల మెడల దగ్గర గ్రీజు మెత్తబడింది. ఒక నల్లచార రోలరు మీదుగా దిగింది, పక్కన ఇంకొకటి. కామాక్షి రసం తొట్టి మీదికి వంగి నన్ను మోచేత్తో పొడిచింది. చూద్దును కదా, రసం మీద నెమలికన్ను రంగులు! ఊదా, ఆకుపచ్చ, ఎరుపు, తిరుగుతూ తిరుగుతూ వెడల్పవుతున్నాయి. అంత అందంగా ఉన్నదాన్ని చూసి నాకంత దడ ఎప్పుడూ పుట్టలేదు. మా చెల్లెలు పాత గుడ్డతో వాటిని తేర్చబోయింది. గుడ్డ నల్లబడింది గానీ రంగులు పోలేదు. ఏడుస్తూ తేరుస్తూనే ఉంది.

మా మరిది చూశాడు. చూసి, ఎడ్లను అదిలించాడు. ఆ క్షణంలో ఆయన్ని చెంపమీద కొట్టాలనిపించింది, మరిదైనా సరే.

రసం పెనంలోకి ఎక్కింది, పొంగింది, చిక్కబడింది. బెల్లం వండే చోట ఊరంతా కమ్మగా వాసన రావాలి. ఇక్కడ కమ్మదనం వెనక లారీ వాసన. పిప్పి మీద రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

తొలి ముద్ద

పాకం చెక్కతొట్టిలోకి పోసి తెడ్డుతో తిప్పి ఆరబెట్టారు. పొద్దు వాలుతుండగా లచ్చవ్వ చేయి కడుక్కుని వచ్చి తొట్టి పక్కన కూర్చుంది. అందరూ చుట్టూ చేరారు. మా మరిది ముద్ద చేసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ ముద్దలో సన్నటి నల్ల చార నాకు స్పష్టంగా కనిపించింది. ఆవిడకు కనిపించకుండా ఎలా ఉంటుంది?

"ఇప్పుడే ఎందుకవ్వా, రేపు తిందువులే" అన్నాడు మా మరిది. 

"రేపెందుకు? నువ్వు తిన్నవ్. ఇగ నా వంతు" అని ఆవిడ ముద్దను నోటిదాకా ఎత్తింది.

మా మరిది ఆవిడ చేతిని ఫట్‌మని కొట్టాడు!

ముద్ద మట్టిలో పడింది. ముసలావిడ పీట మీదనుంచి తూలింది. తల్లి వయసు మనిషి మీద, ఊరందరి ముందు, చెయ్యెత్తాడు.  గంగారాం ఒక్క ఉరుకున వచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "అవ్వ మీద చెయ్యేస్తవా? ప్రాణం మీద ఆశ లేదా?"

"అది తినేది కాదు!" అని అరిచాడు మా మరిది. "నేను తిన్నాను కాబట్టి నాకు తెలుసు. ఇప్పటికీ కడుపులో మండుతోంది. ఈ ముసలమ్మను చంపమంటావా?"

గంగారాం పట్టు వదిలేశాడు. మా మరిది ఎవరినీ పిలవకుండా ఒక్కడే ఆ తొట్టిని ఈడ్చుకుంటూ బయల్దేరాడు. కామాక్షి ఇంకో పక్క పట్టుకుంది. నేనూ వెళ్లి ఒక చెయ్యి వేశాను. గేదెల తొట్టిలో పోద్దామంటే లచ్చవ్వ వద్దంది. కాలవలో కడుగుదామంటే అసలే వద్దంది.

"ఆముదమైతె మన్ను తింటది, చీమ తింటది. దీన్నెవ్వలు తింటరు? నీళ్లల్ల పోస్తె కిందూరోల్లు తాగాల్నా?"

 చివరకు బండ్లబాట అవతల, తుమ్మపొదల మధ్య మెరక మీద గొయ్యి తవ్వి బెల్లం, మసిగుడ్డలు, డబ్బాలో మిగిలింది అంతా పాతేశాం. అదైనా సరైన పనో కాదో నాకు తెలీదు. తర్వాత గానుగ మెడలు విప్పి చెక్క బుషులు తీసేసి, లచ్చవ్వ దాచి ఉంచిన కొత్తవి వేసి, రోలర్లను వేడినీళ్లతో, బూడిదతో, చింతపండుతో తోమారు. ఆ నీళ్లు కూడా మోసుకెళ్లి ఆ గోతిలోనే పోశారు. రైతులంతా తిడుతూనే తోమారు. ఆ తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. కానీ ఒక్కడు కూడా తోమకుండా ఇంటికి పోలేదు.

మర్నాడు

పొద్దున్నే వంతు గంగారాంది. మా చెరుకు కుప్ప సగం అలాగే ఉంది, కింది వరస అప్పుడే పులుపు వాసన వేస్తోంది. వంతు చెడగొట్టుకున్నవాడు అందరి వెనక్కి పోవాలి. అంటే ఆ కుప్ప ఇక పిప్పితో సమానం. మా మరిది రాత్రంతా కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. అయినా తన ఎడ్లను తోలుకుపోయే నెపంతో వచ్చి, దూరంగా చెరుకాకుల మీద కూలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. "తెనాలి వెళ్లిపోదాం అక్కా" అని కామాక్షి నాతో మెల్లగా అంది.

గంగారాం ఆముదం గిన్నె తెచ్చి, వేలు ముంచబోయాడు. లచ్చవ్వ ఆపింది.

"ఓ కోటయ్యా, ఇటు రా!"

ఎవరిని పిలుస్తోందో మాకు వెంటనే తెలియలేదు. మా మరిది లేచి, భయంభయంగా వెళ్లాడు.

"గంగారాం నూనె. నువ్వు తిని చెప్పు" అంది.

"నా నూనె గీయన తినుడేంది అవ్వా?" అన్నాడు గంగారాం, మండిపడి.

"నీ నూనె నువ్వు తింటె నీ వంతు కోసం తింటవ్. ఎంత చెడ్డదైన మింగుతవ్. నిన్న సూసినం గద. గీయన నా కోసం తన బెల్లమంత మన్నుల పోసుకున్నడు. ఇగ గీ గానుగల ఎవ్వల నూనె వచ్చిన గీయనే తినాలె."

అందరూ బిత్తరపోయారు. నిన్న గానుగను పాడు చేసినవాడికా ఈ పని? మా మరిది వేలితో ఆముదం నాలిక మీద వేసుకున్నాడు. ఒకసారి చప్పరించాడు, మళ్లీ చప్పరించాడు. మంచిదని అంటే అయిపోయేది.

"అవ్వా, నాకు ఇంకా గ్రీజు కంపే తెలుస్తోంది. ఇది మంచిదో చెడ్డదో చెప్పలేను" అన్నాడు.

అయిపోయింది, ఉన్న ఒక్క మర్యాదా పోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

"ఇన్నరా?" అంది లచ్చవ్వ, అందరి వైపూ తిరిగి. "తెల్వకుంటె తెల్వదంటడు. గసొంటోడే గావాలె. గంగారాం, పొద్దు తిరిగేదాంక నీది ఆడించు. ఆ తర్వాత కోటయ్యది కట్టు, పులిసిపోతున్నది."

వెనక వంతులవాళ్లు గొణిగారు గానీ ఎవరూ కాదనలేదు. గంగారాం గిన్నె లాక్కుని తన ఆముదం తానే నాకి, చిరాగ్గా మెడలకు పోశాడు. ఎడ్లు కదిలాయి. మా మరిది అక్కడే నిలబడిపోయాడు, ఏం చేయాలో తెలియక. లచ్చవ్వ గిన్నెలో అడుగున మిగిలిన ఆముదాన్ని రెండు వేళ్లతో ఊడ్చి ఆయన ముఖం ముందు పెట్టింది.

"నోరు తెరువు. గ్రీజు పోయేదాంక తిను."

నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఊరందరి ముందు గట్టిగా కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.